నీటికాసుల ఆపరేషన్‌లో ‘క్యాన్సర్ మందు’ ఎందుకు వాడతారు?

కంటి ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు ఈమధ్య రాసిన ఉత్తరాల్లో నీటికాసుల (గ్లాకోమా) ఆపరేషన్ గురించి, అందులో వాడే ఒక మందు గురించి పదే పదే సందేహాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కావలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తారు. చాలా ఏళ్లుగా రెండు కళ్లకూ నీటికాసులకు చుక్కల మందులు వేస్తున్నాం. ఇప్పుడు మూడు రకాల చుక్కలు వేస్తున్నా కుడికంటిలో ప్రెషర్ 28 దగ్గరే ఉంటోంది. చెన్నైలో చూపిస్తే ఆపరేషన్ చేయాలన్నారు. సంతకం కోసం ఇచ్చిన కాగితంలో ‘మైటోమైసిన్’ అనే మందు పేరు ఉంది. మందుల షాపులో అడిగితే అది క్యాన్సర్‌కు వాడే మందు అన్నారు. అప్పటి నుంచి మా అమ్మకు నిద్ర లేదు. నాన్నకు క్యాన్సర్ ఉండి మాకు చెప్పకుండా దాస్తున్నారా? ఆ మందు లేకుండా ఆపరేషన్ చేయమని అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందుగా మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి. ఆ కాగితంలో మైటోమైసిన్ పేరు ఉన్నంత మాత్రాన మీ నాన్నగారికి క్యాన్సర్ ఉందని అర్థం కాదు. నీటికాసుల ఆపరేషన్‌లో ఈ మందును ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. అనుమతి పత్రంలో దాని పేరు రాశారంటే ఆ ఆసుపత్రివాళ్లు దాచలేదనే అర్థం.

మందుల షాపులో చెప్పినదీ అబద్ధం కాదు. మైటోమైసిన్-సి అనేది నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి నుంచి 1950లలో జపాన్ పరిశోధకులు వేరుచేసిన మందు. కణం రెండుగా చీలడానికి అవసరమైన డీఎన్ఏ పోగులను ఒకదానికొకటి అతికించి, విడిపోకుండా చేయడం దాని గుణం. అందుకే కడుపులో, మూత్రాశయంలో వచ్చే కొన్ని క్యాన్సర్లకు వాడుతూ వచ్చారు. కంటి ఆపరేషన్‌లోనూ ఆ గుణంతోనే పని, అయితే ఇక్కడ అడ్డుకోవలసింది క్యాన్సర్ కణాలను కాదు, గాయాన్ని మాన్పే మామూలు కణాలను.

గాయం మానకుండా ఆపడం ఏమిటని మీకు అనిపించవచ్చు. కంటి లోపల ఎప్పుడూ ఒక స్వచ్ఛమైన నీరు ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని మార్గం గుండా బయటికి పోతుంటుంది. కన్నీళ్లకూ దీనికీ సంబంధం లేదు. ఆ మార్గం సరిగా పనిచేయకపోతే లోపల ప్రెషర్ పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం క్రమంగా దెబ్బతింటుంది. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం) మధ్య ఉండవలసిన ప్రెషర్ మూడు మందులు వేస్తున్నా 28 ఉంటోందంటే ఆ నరం రోజురోజుకూ నలుగుతున్నట్లే. ఆపరేషన్‌లో పైరెప్ప చాటున తెల్లగుడ్డు గోడలో ఒక చిన్న మూతలాంటి పొరను లేపి, దాని కింద రంధ్రం చేసి, మూతను మళ్లీ కుడతారు. లోపలి నీరు ఆ మూత అంచుల నుంచి కొద్దికొద్దిగా ఊరి, తెల్లగుడ్డును కప్పి ఉండే పలచటి పొర కింద చేరుతుంది. అక్కడ ఏర్పడే చిన్న ఉబ్బును డాక్టర్లు ‘బ్లెబ్’ అంటారు. 1968లో బ్రిటన్‌లో కెయిర్న్స్ అనే సర్జన్ వివరించిన ఈ ఆపరేషన్ పేరు ట్రాబెక్యులెక్టమీ.

మామూలుగా ఏ ఆపరేషన్ చేసినా గాయం పూర్తిగా మానాలని కోరుకుంటాం. ఈ ఆపరేషన్‌లో మాత్రం పైపొర మానాలి, లోపలి దారి మాత్రం మూసుకుపోకూడదు. శరీరానికి ఆ తేడా తెలియదు. వరిమడి గట్టుకు మడవ తీస్తే, పట్టించుకోకుండా వదిలేసిన మడవ కొద్ది రోజులకే ఒండ్రు చేరి ఎలా పూడిపోతుందో, మానుపు కణాలు కొత్త దారి చుట్టూ చేరి, గట్టి నారపొరను అల్లి దాన్ని అలాగే మూసేస్తాయి. ప్రెషర్ మళ్లీ మొదటికి వస్తుంది. ఆపరేషన్ విఫలం కావడానికి అన్నిటికన్నా ముఖ్యమైన కారణం ఈ మచ్చకట్టడమే.

దీన్ని అడ్డుకోవడానికి 1980లలో రెండు మందులు వాడుకలోకి వచ్చాయి. ఒకటి 5-ఫ్లోరోయురాసిల్, దీనిపై 1985లో అమెరికాలో పెద్ద అధ్యయనం మొదలైంది. రెండోది మైటోమైసిన్-సి, దీన్ని నీటికాసుల ఆపరేషన్‌లో వాడిన అనుభవాన్ని 1983లో తైవాన్‌కు చెందిన చెన్ అనే వైద్యుడు ప్రచురించారు. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మైటోమైసిన్‌ను ప్రత్యేకంగా నీటికాసుల ఆపరేషన్ కోసమే ఆమోదించింది. అప్పటికే ప్రపంచమంతటా సర్జన్లకు దీనితో ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది.

ఇక మోతాదు సంగతి, మీ అమ్మగారి భయం తీరేది ఇక్కడే. సాధారణంగా ఒక మిల్లీలీటరు నీటిలో 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల మందు కలిపి, ఆ ద్రవంలో తడిపిన చిన్న స్పాంజి ముక్కలను తెల్లగుడ్డు పైపొర కింద ఒకటి నుంచి మూడు నిమిషాలు, అవసరాన్ని బట్టి ఇంకొంచెం సేపు ఉంచి తీసేస్తారు. తర్వాత ఆ చోటును సెలైన్‌తో ధారాళంగా కడుగుతారు. కంటి లోపలికి రంధ్రం చేసేది ఈ కడగడం పూర్తయ్యాకే. కొందరు సర్జన్లు స్పాంజికి బదులు ఆపరేషన్ మొదట్లోనే పైపొర కింద సూదితో చాలా కొద్దిగా ఎక్కిస్తారు. అలా ఎక్కించే మందు తరచుగా 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉంటుంది. మూత్రాశయ క్యాన్సర్‌కు ఒక విడతలో వాడే 40 మిల్లీగ్రాములతో పోలిస్తే 20 మైక్రోగ్రాములు రెండువేలవ వంతు మాత్రమే. జుట్టు రాలడం, వాంతులు, రక్తకణాలు తగ్గడం వంటివి ఈ వాడకంలో రావు.

మందు లేకుండా చేయమని అడగవచ్చా అన్నారు. అడగడంలో తప్పులేదు. కానీ మీ నాన్నగారి విషయంలో నేను ఆ సలహా ఇవ్వను. ఏళ్ల తరబడి చుక్కలు వేసిన కళ్లలో, ముఖ్యంగా చుక్కల్లో నిల్వకోసం కలిపే రసాయనం వల్ల, తెల్లగుడ్డు పైపొర కొంత వాచి, మచ్చకట్టే స్వభావం పెరిగి ఉంటుంది. ఇంతకుముందు ఆపరేషన్ అయిన కళ్లు, కంటి లోపల వాపు వచ్చి తగ్గిన కళ్లు, మధుమేహం వల్ల కంటిలో కొత్త రక్తనాళాలు పుట్టిన కళ్లు, చిన్న వయసువారి కళ్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇలాంటి కంటికి మందు వాడకుండా ఆపరేషన్ చేసి, ఆర్నెల్లకో ఏడాదికో దారి మూసుకుపోతే, అదే కంటికి రెండోసారి చేయడం మొదటిసారి కన్నా కష్టం. మీరు సర్జన్‌ను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: “మా నాన్నగారి కంటికి ఎంత గాఢత మందు, ఎన్ని నిమిషాలు వాడాలనుకుంటున్నారు, ఎందుకు?” అని అడగండి. గాఢత, సమయం, మందు తగిలే వెడల్పు అనే మూడింటినీ ఆ కంటికి తగినట్లు ఎంచుకోవడంలోనే నేర్పు ఉంది. తక్కువైతే మచ్చ కడుతుంది. ఎక్కువైతే పొర మరీ పలచబడి, నీరు అతిగా కారి, ప్రెషర్ మరీ పడిపోతుంది.

మరొక మాట ఇప్పుడే చెప్పడం నా బాధ్యత. ఈ ఆపరేషన్ పోయిన చూపును తిరిగి తీసుకురాదు. ఉన్న చూపును కాపాడటానికే చేస్తారు. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పక్కింటివారికి మర్నాటికే చూపు వచ్చిందని, తనకు రాలేదని మీ నాన్నగారు దిగులుపడకుండా ముందే చెప్పి తీసుకెళ్లండి.

ప్రశ్న: నా వయసు 29. చిన్నప్పటి నుంచి మైనస్ 9 అద్దాలు వాడుతున్నాను. నీటికాసులు కూడా ఉన్నాయని, ఆపరేషన్ తప్పదని చెప్పారు. మాకు పెళ్లయి రెండేళ్లయింది, పిల్లల కోసం చూస్తున్నాం. ఈ మందు వల్ల ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఈ సంగతి మీ సర్జన్‌కు తప్పనిసరిగా, ఆపరేషన్ తేదీ నిర్ణయించకముందే చెప్పాలమ్మా. మైటోమైసిన్, 5-ఫ్లోరోయురాసిల్ రెండూ గర్భిణులకు వాడకూడని మందులు. ఆపరేషన్‌కు ముందు గర్భం లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఆపరేషన్ తర్వాత గర్భధారణకు ఎంతకాలం ఆగాలన్నది కంటి డాక్టరూ, మీ గైనకాలజిస్టూ కలిసి చెప్పాలి. నీటికాసులకు వేసే చుక్కల్లోనూ గర్భిణులకు పనికిరానివి ఉన్నాయి. కాబట్టి బిడ్డ కోసం ప్రయత్నించే ముందే కంటి ప్రెషర్‌ను అదుపులోకి తెచ్చుకోవాలన్న ఆలోచన మంచిదే.

మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మీ మైనస్ పవర్. వయసు తక్కువగా ఉండి, మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవారి కంటిగోడ మెత్తగా, పలచగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ప్రెషర్ మరీ పడిపోతే ఆ గోడ లోపలికి ముడుచుకుని, చూపుకు కీలకమైన రెటీనా మధ్యభాగంలో (మాక్యులా) మడతలు పడి, చూపు మసకబారుతుంది. మైటోమైసిన్ వాడినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. అలాగని మందు మానేస్తే, మీ వయసులో గాయం వేగంగా మాని దారి మూసుకుపోతుంది. రెండువైపులా ఇరుకే. అందుకే అనుభవమున్న సర్జన్లు ఇటువంటి కళ్లలో మందు మోతాదు తగ్గించి, మూతను గట్టిగా కుట్టి, తర్వాతి వారాల్లో ప్రెషర్ చూసుకుంటూ ఒక్కొక్క కుట్టునే వదులు చేస్తారు. మీరు నీటికాసుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన సర్జన్ దగ్గరే చేయించుకోండి. అందుకోసం కొంత దూరం వెళ్లవలసి వచ్చినా వెళ్లండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీలో పని చేస్తాను. విజయవాడలో మా అన్నకు ఆపరేషన్ అయి మూడు వారాలు. మొదటి వారం ప్రెషర్ 12 ఉంది, ఇప్పుడు 24 అయింది. లేజర్‌తో కుట్టు తెంచారు, తర్వాత కంటికి 5-ఎఫ్‌యూ (5-ఫ్లోరోయురాసిల్) సూది వేశారు, మళ్లీ రమ్మంటున్నారు. ఆపరేషన్ చెడిపోయిందా? పదే పదే పోవాలంటే కూలి పోతుంది.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: చెడిపోలేదు. ఇది ఆపరేషన్‌లో మిగిలి ఉన్న సగం పని. మానుపు కణాలు చురుగ్గా ఉండేది మొదటి వారాల్లోనే. మొదట ప్రెషర్ మరీ పడిపోకుండా మూతను బిగువుగా కుట్టి, తర్వాత లేజర్‌తో కుట్టు తెంచి నీటిదారిని పెంచడం ముందుగా అనుకున్న పద్ధతే. బ్లెబ్ ఎర్రగా, రక్తనాళాలతో నిండి కనిపిస్తే మచ్చకడుతోందని గుర్తు. అప్పుడు 5-ఫ్లోరోయురాసిల్‌ను 0.1 మిల్లీలీటరు, అంటే 5 మిల్లీగ్రాములు, తెల్లగుడ్డు పైపొర కింద ఇస్తారు. అవసరమైతే కొన్ని రోజుల తేడాతో మళ్లీ ఇస్తారు. అప్పటికే లోపల నారపొర గట్టిపడి ఉంటే, సన్నని సూదితో ఆ పొరను చీల్చి దారి తెరుస్తారు. 5-ఎఫ్‌యూ సూది తర్వాత కంటిలో నలక పడినట్లు గరగరలాడటం, వెలుతురు చూడలేకపోవడం కొందరిలో ఉంటుంది. నల్లగుడ్డు పైపొర మీద ఆ మందు ప్రభావం వల్ల అలా జరుగుతుంది. ఈ బాధ ఉంటే చెప్పాలి, డాక్టర్ సూదులు ఆపుతారు.

కూలి పోతుందన్న మీ బాధ నిజమైనది. ఒంగోలు నుంచి విజయవాడకు వారం వారం తిరగడం రెక్కాడితే గానీ డొక్కాడని ఇంటికి చిన్న భారం కాదు. అయినా నేను నిర్మొహమాటంగా చెబుతున్నాను: ఈ ఆపరేషన్‌లో మొదటి రెండు మూడు నెలల పరీక్షలు మానేయడం కన్నా పెద్ద నష్టం లేదు. ఆపరేషన్ గదిలో మూడు నిమిషాలు పెట్టిన మందు ఒక్కటే దారిని నిలబెట్టలేదు. మంట తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు చెప్పిన లెక్కన వేయడం, సమయానికి కుట్టు వదులు చేయడం, అవసరమైతే సూది వేయడం కలిస్తేనే అది నిలుస్తుంది. ప్రెషర్ చూడటం, బ్లెబ్ చూడటం వరకు ఒంగోలులో ఉన్న కంటి డాక్టర్ చేయగలరా, అవసరమైనప్పుడే విజయవాడ రావచ్చా అని మీ సర్జన్‌ను అడగండి. చాలామంది సర్జన్లు ఒప్పుకుని ఉత్తరం రాసిస్తారు. మీ అన్నగారూ గ్రానైటు పనే చేస్తుంటే, ఆ రాతిపొడిలోకి డాక్టర్ అనుమతి లేకుండా తిరిగి పోకూడదు.

ప్రశ్న: ఐదేళ్ల కిందట మైటోమైసిన్ వాడి నాకు ఎడమకంటికి ఆపరేషన్ చేశారు. ప్రెషర్ 9 ఉంటుంది, చుక్కలు కూడా లేవు. సముద్రం పక్కన రొయ్యల గుంటలు చేస్తున్నాను. ఈ నెలరోజులుగా పొద్దున లేవగానే ఆ కంటి నుంచి నీరు కారుతోంది. నొప్పి లేదు. పైరెప్ప ఎత్తి చూస్తే తెల్లని నీటిబుడిపెలా ఉంది. షాపులో చుక్కలు తెచ్చి వేసుకుంటే సరిపోతుందా?
– ఒక రైతు, ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: సరిపోదు. ఈ శీర్షిక చదివిన రోజే, కుదరకపోతే మర్నాడే కంటి డాక్టర్‌కు చూపించుకోండి. రంగు చుక్క వేసి, నీలి వెలుతురులో చూసే ఒక సులువైన పరీక్షతో బ్లెబ్ కారుతోందో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది.

మైటోమైసిన్ తగిలిన చోట మానుపు కణాలతోపాటు చిన్న రక్తనాళాలు కూడా తగ్గిపోతాయి. అందుకే కొందరిలో బ్లెబ్ ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడి, గాజుపొరలా పలచబడుతుంది. అక్కడ ఒక సూక్ష్మమైన చిల్లు పడితే లోపలి నీరు బయటికి కారుతుంది, బయటి క్రిములకు లోపలికి దారి దొరుకుతుంది. క్రిములు బ్లెబ్‌కు పాకడం మొదటి దశ, కంటి లోపలికి పాకడం రెండో దశ. రెండో దశకు చేరితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ అయి ఐదేళ్లయినా, పదేళ్లయినా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. మందు మోతాదును తగ్గించి, దాన్ని చిన్న చోట కాకుండా వెడల్పుగా తగిలేలా వాడే పద్ధతిని లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి సర్జన్లు ప్రచారంలోకి తెచ్చాక ఇలాంటి పలచటి బ్లెబ్‌లు తగ్గాయి.

కన్ను ఎర్రబడటం, నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం, పుసి కట్టడం – వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆగకూడదు. మీరు సొంతంగా వేసుకోవాలనుకుంటున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే అది ఎరుపును తగ్గించి, లోపలి ఇన్ఫెక్షన్‌ను కప్పిపుచ్చుతుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది అదే.

ఇక పని సంగతి. బ్లెబ్ కారడం లేదని డాక్టర్ తేల్చేవరకు గుంటల్లోకి దిగకండి. ఆ తర్వాత కూడా గుంట నీరు, మేత పొడి కంటిలో పడకుండా పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోండి. మునక వేయవద్దు, తడిచేతితో కన్ను నలపవద్దు. కారుతున్నట్లు తేలితే చిన్న చిల్లయితే మందులతో, ప్రత్యేక కాంటాక్టు లెన్సుతో మానవచ్చు. లేకపోతే పలచబడిన పొరను తీసి, పక్కనున్న ఆరోగ్యకరమైన పొరను జరిపి కుడతారు.

ప్రశ్న: ఆత్మకూరులో ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేస్తున్నాను. ఈ మందును కలిపేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. గర్భిణిగా ఉంటే ఆ పని వేరొకరికి అప్పగించండి. 2 మిల్లీగ్రాముల సీసాలో 10 మిల్లీలీటర్లు కలిపితే గాఢత 0.2, 5 మిల్లీలీటర్లు కలిపితే 0.4 అవుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి, రెండో మనిషి చూసి, పైకి చదివి నిర్ధారించాలి. సిరంజి మీద మందు పేరు, గాఢత రాసి, మిగతా సిరంజిలకు దూరంగా పెట్టండి. స్పాంజి ముక్కలు లోపల పెట్టినన్ని బయటికి వచ్చాయో లేదో లెక్కించండి. మందు తగిలిన పనిముట్లను మళ్లీ కంటికి వాడకుండా పక్కన పెట్టండి. మిగిలిన మందు, స్పాంజిలు సైటోటాక్సిక్ (కణాలకు విషం) గుర్తున్న పసుపు సంచిలోకి వెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. మైటోమైసిన్‌తో చేసిన ఆపరేషన్ ఆరేళ్లు పనిచేసి, ఇప్పుడు మూసుకుపోయింది. ఈసారి ట్యూబు వేస్తామంటున్నారు. మళ్లీ అదే ఆపరేషన్, అదే మందు ఎందుకు వాడరు?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: వాడవచ్చు, కొందరికి వాడతారు కూడా. కానీ ఒకసారి మచ్చకట్టిన చోట రెండోసారి ఫలితం తగ్గుతుంది. ఇంతకుముందు కంటి ఆపరేషన్లు అయిన రోగులను తీసుకుని అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనపు ఐదేళ్ల ఫలితాలు 2012లో వచ్చాయి. మైటోమైసిన్‌తో ట్రాబెక్యులెక్టమీ చేసినవారిలో సుమారు 47 శాతం, ట్యూబు వేసినవారిలో సుమారు 30 శాతం విఫలమయ్యాయి. ట్యూబు అనే సన్నని గొట్టం గుండా కంటి లోపలి నీరు వెనకభాగంలో కుట్టిన చిన్న పలక దగ్గరికి చేరుతుంది కాబట్టి, ముందున్న మచ్చతో దానికి పేచీ లేదు. పలక చుట్టూ కూడా కొంత నారపొర కడుతుంది గానీ, అక్కడ మైటోమైసిన్ వాడటం వల్ల స్పష్టమైన లాభం అధ్యయనాల్లో కనబడలేదు. అందుకే మీ డాక్టర్ ఈసారి ఆ మందు మాట ఎత్తి ఉండరు. ఒకప్పుడు ట్యూబు ఖర్చు మనవాళ్లకు అందనిదిగా ఉండేది. మధురైలోని ఆరోల్యాబ్ మన దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది బాగా తగ్గింది.

వెళ్లేటప్పుడు ఆరేళ్ల కిందటి డిశ్చార్జి కాగితం వెతికి తీసుకెళ్లండి. ఆనాడు మందు ఎంత గాఢతలో, ఎన్ని నిమిషాలు పెట్టారో అందులో రాసి ఉంటే, ఈ కంటిలో ఏ భాగం పొర ఎంత పలచబడి ఉండవచ్చో, ట్యూబును ఎటువైపు వేయాలో సర్జన్ నిర్ణయించుకోవడానికి ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగపడుతుంది. కాగితం పోయి ఉంటే పాత ఆసుపత్రిలో నెంబరు చెప్పి నకలు అడగండి.